పై గదిలో శ్రుతి తప్పకూడదు

ఆ మేడ మీది గదికి మొదటినుంచీ చెడ్డపేరే. ఒక బ్యాండు మాస్టారు ముప్పై ఏళ్లు అందులోనే సాధన చేసి, అందులోనే పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండొచ్చు కదా... ఉండలేదట. అక్కడ ఎవరు శ్రుతి తప్పినా ఊరుకోడని చెప్పుకునేవాళ్లు. ఒకాయన అద్దెకు దిగి, స్నానం చేస్తూ కూనిరాగం తీశాడు — పంపులో నీళ్లు ఆగిపోయాయి. పాట ఆపాడు — నీళ్లొచ్చాయి. నాలుగో రోజు సామాను సర్దుకున్నాడు.

అలాంటి గది ఖాళీగా ఉందంటే ఎవరు తీసుకుంటారు? మా బావ తీసుకుంటాడు.

బావ వాద్యాలు రిపేరు చేస్తాడు. కింద దుకాణం, పైన ఆ గదిలో పని. "దెయ్యాలూ గియ్యాలూ నా దగ్గర కుదరవు" అన్నాడు. ఆయన దగ్గర కుదరనివి ఇంకా చాలా ఉన్నాయని మా అక్కకి తెలుసు కానీ, నలుగురిలో అనదు. ఇప్పుడు చెప్పేదంతా బావ నోటివెంట విన్నదే. గొప్పలు తీసేసి చెబుతున్నాను కాబట్టి కాస్త చిన్నదైంది.

ఒకరోజు ఆ మాస్టారి కూతురు తండ్రి వాయించిన ఆల్టో సాక్సోఫోన్ తెచ్చింది. ఆవిడ పుట్టకముందుది. ఇత్తడి నల్లబడింది, పూత పెచ్చులుగా లేచింది. కింది స్వరాలు బాగానే పలికేవి. పైకి వెళ్లేకొద్దీ శ్రుతి మించిపోయి, వినేవాళ్ల పళ్లు జివ్వుమనేవి.

"నాన్న చేతిలో ఎంత బాగా పలికేదో! ఇప్పుడు నాకు లొంగట్లేదు. ఇద్దరు మెకానిక్‌లకి చూపిస్తే వాళ్లకీ లొంగలేదు," అంది ఆవిడ. "మీవల్లా కాకపోతే మా వీధి హోటలాయనకి ఇచ్చేస్తాను. ఇంట్లో అలా మూగగా పడుంటే చూడలేకపోతున్నాను."

హోటలాయన వాయిస్తాడని కాదు. గొట్టంలో బల్బు పెట్టి, వచ్చేపోయేవాళ్లు చూసేలా దీపం చేస్తాడట.

అది చెబుతూ ఆవిడ సాక్సోఫోన్‌ని కొంగుతో తుడిచింది. బావకి నిజంగానే జాలేసింది. ఆ జాలిలో ఆయన చేసిన మొదటి ఘనకార్యం — సాక్సోఫోన్ పెట్టె అడుగున ఉన్న మాస్టారి పాత మౌత్‌పీస్, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, తీసి తుక్కు డబ్బాలో పడేయడం. పసుపెక్కి, పళ్ల గాట్లతో చూడ్డానికి అసహ్యంగా ఉందట. ఆవిడ కొన్న కొత్తది నిగనిగలాడుతోంది. అదే ఉంచాడు.

ఇక మూడు వారాలు తపస్సు. గాలి పోతోందేమోనని రంధ్రాలు మూసే ప్యాడ్లన్నీ మార్చాడు. వేళ్లతో నొక్కే కీల ఎత్తు పెంచాడు, తగ్గించాడు. మౌత్‌పీస్ బయటికి లాగితే పై స్వరాలు దారికొచ్చేవి, కిందవి దిగిపోయేవి. లోపలికి తోస్తే కిందవి కుదిరేవి, పైవి ఎగిరిపోయేవి. బల్ల మీద శ్రుతి చూపించే యంత్రం ఒకటి ఉంది. స్వరం సరిగ్గా ఉంటే దాని ముల్లు నడిమధ్య నిలబడాలి. మూడు వారాల్లో ఆ ముల్లు ఒక్కసారి కూడా బావ మొహం చూసి మధ్యకు రాలేదు.

తెల్లారితే సాక్సోఫోన్ పట్టుకుపోడానికి హోటలాయన దుకాణానికి వస్తాడు. ఆ రాత్రి పదకొండింటికి బావ చేతులెత్తేశాడు. లైటు ఆర్పి, తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూలబడ్డాడు. ఆవిడకి ఏ మొహంతో చెప్పాలో తెలియక తల పట్టుకున్నాడు.

అప్పుడు... లోపల ఎవరో ఊపిరి పీల్చారు.

ఒక స్వరం పలికింది. దాని పైది... ఇంకా పైది... ఏ స్వరం దగ్గర మూడు వారాలు తల బాదుకున్నాడో — సరిగ్గా అదే స్వరం.

తలుపు సందులోంచి యంత్రం పచ్చగా వెలుగుతూ కనిపించింది. ముల్లు నడిమధ్య ఉంది. వణకలేదు.

భయం కన్నా ముందు బావకి ఒళ్లు మండిందట. దెయ్యానికి కుదిరింది, తనకి కుదరలేదు మరి!

ఫోన్ లైటు వేసుకుని లోపలికెళ్లాడు. ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. సాక్సోఫోన్ స్టాండు మీదే ఉంది... దాని మెడకి మాస్టారి పాత మౌత్‌పీస్ తొడిగి ఉంది. ఇంకా తడిగా ఉంది. నిగనిగలాడే కొత్తది తుక్కు డబ్బాలో ఉంది.

బావ రెండిట్లోకీ లైటు వేసి చూశాడు. పాతదాని లోపల గుల్ల విశాలంగా ఉంది, కొత్తదాని లోపల ఇరుకు. ఇరుకు మౌత్‌పీస్ పెడితే పాత సాక్సోఫోన్లు పైన శ్రుతి మించుతాయి. ఇది పని నేర్చుకునే మొదటి ఏడాదే చెబుతారు. బావ ఆ రోజు సెలవు పెట్టి ఉంటాడు.

వెనక్కి వెనక్కి నడుస్తూ బయటపడ్డాడు. మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నారు —

"అమ్మో!"

"నేనేనండీ... భయపడకండి." మాస్టారి కూతురు. పొద్దున్నే ఇచ్చేస్తున్నాం కదా, చివరిసారి చూసుకుందామని వచ్చిందట. ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. గొంతు తగ్గించి అడిగింది. "ఇందాక వాయించింది... మీరేనా?"

బావ గదివైపు చూశాడు. ఆవిడవైపు చూశాడు.

"నేనే," అన్నాడు.

ప్రాణం పోయేలా ఉన్నా పేరు పోగొట్టుకోడు మా బావ.

"అచ్చం నాన్నలాగే... ఎలా కుదిర్చారండీ?"

"అనుభవం అమ్మా. పాత మౌత్‌పీస్ పెట్టి —"

లోపల మళ్లీ అదే స్వరం పలికింది. నిదానంగా, నిండుగా. ఇద్దరూ బయటే ఉన్నారు.

బావ మెట్ల మీద చతికిలబడ్డాడు. పారిపోదామన్నా లేవలేకపోయాడు. ఆవిడ మాత్రం భయపడలేదు. బడి నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లలా తలుపు నెమ్మదిగా తోసింది.

"నాన్నా... నాకివ్వు," అంది. తలుపు మూసుకుంది.

తర్వాత ఆ స్వరం వచ్చింది — కాస్త వణికింది, కాస్త పక్కకు జారింది. ఆగింది. వెంటనే అదే స్వరం, తిన్నగా. మళ్లీ జారింది, ఈసారి కొంచెమే. మళ్లీ తిన్నగా...

ఎన్నిసార్లో బావ లెక్కపెట్టలేదు. చివరికొచ్చేసరికి ఏది ఎవరిదో తెలియలేదట.

పొద్దున హోటలాయన వస్తే ఆవిడే ఎదురెళ్లి, దీపానికి ఇంకేదైనా చూసుకోమని పంపించేసింది. సాక్సోఫోన్ గుండెకి హత్తుకుని ఇంటికి తీసుకుపోయింది.

ఇక్కడికొచ్చేసరికి బావ ఇప్పటికీ నెత్తిన చెయ్యి పెట్టుకుంటాడు. ఆ రాత్రి గదిలో ఇద్దరున్నారని ఒట్టేసి చెబుతాడు. మా అక్క మాత్రం వంటింట్లోంచే అంటుంది.

"ఇద్దరో ఒక్కరో నీకెలా తెలుస్తుంది? ఆ తేడా తెలిసే చెవే ఉంటే, ఆ మాస్టారు దిగి రావాల్సిన పనేముంది?"