మాల్టా గోడ

"సముద్రం ఏదప్పా?" అన్నారు ఏసేపు మేష్ట్రు, ఫొటోను తిప్పి వెనకవైపు కూడా చూసి.

"ఫొటో తీసినతని వెనకాల ఉండింది సార్."

ఫొటోలో ఉన్నది నేను, నా వెనక ఒక రాతిగోడ, నాలుగు మేకలు. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ముప్ఫై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. జవాబు సరిపోయినా, దారి చూపించని లెక్కకు మార్కులు వేసేవారు కాదు. అటువంటి మనిషి కూతురు ప్రేమమ్మను నాకు ఇమ్మని అడిగి ఏడు నెలలైంది. "ముందు మాల్టాకు పోయిరా, వచ్చినాంక చూద్దాం" అన్నారు అప్పట్లో. పోయి వచ్చాను. ఇప్పుడు చూస్తున్నారు.

1955లో మా బనగానపల్లె మిషన్ బడి నన్ను ఉపాధ్యాయ శిక్షణకని మధ్యధరా సముద్రంలోని ఆ దీవికి పంపింది. మూడు నెలలు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి దీవంతా కాలినడకన తిరిగి, చూసినదాన్ని పిల్లలకు చెప్పే పాఠంగా రాసుకోవడం. తిరిగి వచ్చేసరికి ఊరు ఊరంతా నా నోటి మాట కోసం కాచుకుని ఉంది. వాళ్లకు పాలరాతి మేడలు కావాలి, ద్రాక్షతోటలు కావాలి, వీలైతే ఇద్దరు ముగ్గురు దొరసానులు కూడా కావాలి. నాకేమో అబద్ధం చెప్పడం చేతకాదు, చిన్నప్పటి నుంచి అదొక జబ్బు. బడిలో పూలదండ వేసి మాట్లాడమంటే, ఉన్నది చెప్పాను: సున్నపురాతి నేల, నాగజెముడు పొదలు, మేకలు, నీళ్ల కరువు.

"అచ్చం మన బేతంచెర్ల మాదిరే ఉండాది," అన్నాను.

సాయంత్రానికల్లా ఊళ్లో సంగతి తేలిపోయింది. సుందరం మాల్టాకు పోనే లేదు, మూడు నెలలు పక్కనున్న బేతంచెర్లలో దాక్కుని వచ్చాడు.

"పాస్‌పోర్టు?" అన్నారు మేష్ట్రు.

"మద్రాసు మిషన్ ఆఫీసులో ఇచ్చినా సార్. తెప్పించాలంటే నెల పడుతుంది."

"ఒక్క ఉత్తరమన్నా రాయకపోతివే?"

"పెళ్లికి ముందు ఉత్తరాలేందని మీరే అంటిరి సార్."

అది ఆయనకు గుర్తుంది. గుర్తున్నందుకు ఇంకా కోపం వచ్చింది. "ఆదివారం బద్వేలు నుంచి పిల్లను చూసేదానికి వస్తాండారు," అన్నారు. ఆ రోజు గురువారం.

అప్పటిదాకా లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ప్రేమమ్మ ముందుకు వచ్చి ఫొటో అందుకుంది. మా బడిలోనే ఆడపిల్లలకు భూగోళం చెబుతుంది. సముద్రాన్ని మాత్రం పటంలో తప్ప చూసి ఎరగదు. "నా తరపున గూడా ఒకసారి చూసి రండి" అని నన్ను సాగనంపింది. ఇప్పుడు ఫొటోను చాలాసేపు చూసింది. నావైపు మాత్రం చూడలేదు.

"నాయనా, మన బడి కట్టిన మారెన్న బేతంచెర్లలోనే ఉండాడు గదా. ఆయనకు చూపిస్తే ఈ గోడ యాడిదో చెప్పడా?"

ఊరంతా నవ్వినా ఓర్చుకున్నాను. ఈమె కూడా నమ్మలేదంటే ఓర్చుకోలేకపోయాను.

శనివారం ముగ్గురం బస్సెక్కాం. ప్రేమమ్మ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరగనేలేదు. మేష్ట్రు చేతిలోని ఫొటోలోకి కండక్టరు తొంగిచూసి, "ఇది మా ఊరి పక్క చేనే గదా సార్," అన్నాడు. మేష్ట్రు నన్ను ఒక చూపు చూశారు. బస్సులోంచి దూకేద్దామనిపించింది.

మారెన్న సుత్తి పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని ఫొటో తీసుకున్నాడు.

"రాయి మనదే," అన్నాడు.

మేష్ట్రు గొంతు సవరించుకున్నారు.

"చేయి మాత్రం మనది కాదు సారూ."

"అంటే?"

"మనకు బండలు పలకల మాదిరి లేస్తాయి. చేనుకు గోడంటే వాటిని వరసగా నిలబెట్టి పాతుతాం, అయిపాయె. ఈడ చూడండి, పిడికెడు పిడికెడు రాళ్లు ఏరుకొచ్చి, మన్ను గూడా పెట్టకుండా పేర్చినారు. ఎవురో గాని శానా ఓపిక. మా పనోళ్లలో ఇట్లా పేర్చేవాడు ఒక్కడు లేడు. ఏ ఊరు సారూ ఇది?"

మేష్ట్రు కళ్లజోడు పెట్టుకుని గోడను మళ్లీ చూశారు. దారి కనపడింది కాబోలు.

"మాల్టా," అన్నారు మెల్లగా. తర్వాత నావైపు తిరిగి, "ఏమప్పా సుందరం, మిషన్ గుళ్లో పాదిరిగారి చేత పెళ్లి ప్రకటన ఎప్పుడు చదివిద్దాం?" అన్నారు.

ఆయన టీ తాగడానికి పోయినప్పుడు బస్సు కోసం నేనూ ప్రేమమ్మా నిలబడ్డాం.

"మీరు గూడా నన్ను నమ్మలేదు గదా," అన్నాను. సంతోషం ఎంత ఉన్నా ఆ నొప్పి పోలేదు.

"ఫొటో చూడంగానే నమ్మినా."

"ఎట్లా?"

"మీ కండ్లు చూసినా. అవి మేకల్ని చూసే కండ్లు కావు. ఏందో శానా పెద్దదాన్ని చూస్తాండారు. ఆ గోడ రాళ్లు గూడా అప్పుడే చూసినా."

"మరి ఆ పొద్దే చెప్పొచ్చు గదా. రెండు దినాలుగా నాకు అన్నం సహించలేదు."

"నేను చెప్తే ఏమయితాది? ఫొటోలో కండ్లు చూసి మగోణ్ణి నమ్మినావా అని నాయన నన్ను బడి మాన్పిస్తాడు. అదే మారెన్న చెప్తే సాక్ష్యం." నవ్వు ఆపుకుంది. "అయినా, ఆ పొద్దు సముద్రాన్ని చూస్తా ఏమనుకుంటాంటిరి?"

నాకు అబద్ధం చేతకాదని ముందే చెప్పాను కదా.

"మీరు పక్కన లేరే అనుకున్నా," అన్నాను.

బస్సెక్కాక ఆమె, ఊరు వచ్చేదాకా మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

వద్దని కబురు పెట్టే వ్యవధి లేక బద్వేలు వాళ్లు ఆదివారం వచ్చేశారు. పెళ్లికూతురిని చూపించే వీలు లేదు గనక, మేష్ట్రు, అదే మా కాబోయే మామ, వాళ్లకు ఆ ఏటి ఆఖరి మామిడిపండ్లు పెట్టి, రెండు గంటలు మాల్టా గురించి చెప్పారు.

"అచ్చం మన బేతంచెర్లే అనుకోండి," అంటున్నారు, నేను వెళ్లేసరికి. "చుట్టూ సముద్రం, అంతే తేడా."

పెళ్లికొడుకు తండ్రి ఫొటోను అటూ ఇటూ తిప్పాడు. "దీంట్లో సముద్రం యాడ ఉండాది సార్?"

"ఫొటో తీసినోని ఎనకాల," అన్నారు మామ, విసుగ్గా. "ఆ మాత్రం తెలీదా?"