ఇమామ్ సాహెబ్ ఇంట్లో నీలి మంట

రాజోలికి పోయే దారిలో, ఒక ఊరి చిట్టచివర ఇమామ్ సాహెబ్ ఇల్లు ఉంది. 2005 ప్రాంతంలో దానికి కొరివి ఇల్లనే పేరు పడింది. దీపాలు పెట్టే వేళ దాటితే గొర్లు తోలుకొచ్చేవాళ్లు కూడా ఆ బాట వదిలేసి పొలాల మీదుగా చుట్టు తిరిగి పోయేవాళ్లు. తాళం వేసిన ఇల్లు... కరెంటు తీసేసిన ఇల్లు... అయినా వెనక వంటింటి కిటికీలో నీలి మంట లేచేది. కాసేపు ఉండి ఆరిపోయేది.

నేను దయ్యాలను అంత తేలిగ్గా నమ్మను. మా వైపు కొరివి దయ్యాన్ని చూశామన్నవాళ్లలో సగం మంది కల్లు దుకాణం నుంచి వస్తూ చూసినవాళ్లే. కానీ ఈ సంగతి నాకు చెప్పింది కొత్తకోటలో లారీల మెకానిక్కు మునవ్వర్. అతను చుక్క ముట్టడు. కథలు అల్లే తీరికా అతనికి లేదు.

ఇమామ్ సాహెబ్ అతనికి బావ, అక్క షాహెదా భర్త. గోబర్ గ్యాస్ మేస్త్రీ, పెండతో వంటగ్యాసు పుట్టించే డోములు కట్టేవాడు. కట్టెల పొయ్యి పొగకు షాహెదా కళ్లు వాచిపోతుంటే చూడలేక ఆ పని నేర్చుకున్నాడు. మొదటి డోము సొంత పెరట్లోనే కట్టి, ఆమె చేతే పొయ్యి ముట్టించాడు. తర్వాత మల్దకల్ దాకా ఎన్ని ఊళ్లలో కట్టాడో లెక్క లేదు. ఎంత దూరం పోయినా రాత్రి అన్నానికి ఇల్లు చేరి, కూతురు సుహానాను పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడు. అలాంటి మనిషి ఒకరోజు పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. షాహెదా పిల్లను తీసుకుని కొత్తకోటలో తల్లిగారింటికి వచ్చేసింది.

ఏడాది తిరిగేసరికి ఇల్లు అమ్మేయమని షాహెదా తమ్ముళ్లు పట్టుబట్టారు. పత్తి విత్తనాల వ్యాపారి ఒకాయన గోదాము కోసం అడుగుతున్నాడు. డోము పగలగొట్టి చదును చేస్తాడట. దయ్యం తిరిగే ఇంట్లో ఆడమనిషి చిన్నపిల్లతో ఎలా ఉంటుందన్నది వీళ్ల మాట. షాహెదా సరేననలేదు, వద్దనలేదు.

"ఆ ఇల్లు పోతే మీ బావ ఇంకోసారి పోయినట్టే," అని మాత్రం అంది.

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మిగిలిన సామాను తెచ్చి, తెల్లారి తాళాలు వ్యాపారి చేతిలో పెట్టి రమ్మని మునవ్వర్‌ను పంపారు.

బస్సు దారిలో చెడిపోయింది. ఊరు చేరేసరికి చీకటి పడింది.

ఇంటి ముందుకు వచ్చాడు. గేటు మీద చెయ్యి వేశాడో లేదో — కిటికీలో నీలం వెలుగు.

నోట్లో కల్మా చదువుకున్నాడు... వెలుగు అలాగే ఉంది. అప్పుడు అతనిలో మెకానిక్కు మేలుకున్నాడు. పెండ పడకపోతే డోములో గ్యాసు పుట్టదు. ఏడాదిగా తాళం వేసిన ఇంట్లో మంట లేస్తోందంటే ఎవరో పెండ పోస్తున్నట్టే. దయ్యాలకు పెండ ఎత్తే ఖర్మేంటి అనుకుని, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

పెండ కలిపే తొట్టి తడిగా ఉంది. వంటింటి వెనక తలుపు గడియ ఊడి, దగ్గరికి వేసి ఉంది. తోశాడు...

పొయ్యి ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. సగం మొహం నీలంగా కనబడింది.

"అరవకు బిడ్డా," అంది మెల్లగా. "నేను... తిమ్మమ్మను."

పక్కింటి ముసలమ్మ. మునవ్వర్ గోడకు చేరగిలబడ్డాడు. నెమ్మదిగా ఆమే అంతా చెప్పింది. తన రెండు బర్రెల పెండ రోజూ తెచ్చి తొట్టిలో వేస్తోంది. గ్యాసు నిండితే బయటికి తన్నుకొస్తుందని సాయంత్రం కాసేపు పొయ్యి ముట్టిస్తోంది. ఊరు దయ్యమంటుంటే నోరు మెదపలేదు.

"అననీ. దయ్యమంటే కొననీకె ఎవరు రారు గదా," అంది. "షాహెదమ్మ ఏనాడన్న వస్తే... పొయ్యి ముట్టియ్యంగనే అంటుకోవాలె."

జేబులో తాళాలు ఉన్నందుకు మునవ్వర్‌కు సిగ్గేసింది. మంట వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు వినబడింది.

బయట తొట్టిలో కట్టె తిరుగుతోంది. సర్... సర్... ఆగింది. మళ్లీ సర్... సర్... మళ్లీ ఆగింది.

"ఎవరది?"

తిమ్మమ్మ మంట తగ్గించింది. "నేను పెండ, నీళ్లు పోసుడే... కలిపేది నేను గాదు," అంది గొంతు తగ్గించి. "పోకు. మనిషి అలికిడైతే ఆగిపోతది."

"పెద్దమ్మా, బావ పోయి ఏడాదైంది..."

"నాకు తెల్వదా బిడ్డా? జనాజా లేసిననాడు ఈ ఇంటి అరుగు మీదే కూసొని ఏడ్చిన."

మునవ్వర్ ఉండబట్టలేక కిటికీలోంచి తొంగి చూశాడు. చప్పుడు ఆగిపోయింది. తొట్టి దగ్గర ఎవరూ లేరు. కట్టె గోడకు ఆనించి ఉంది. తొట్టిలో పెండనీళ్లు మాత్రం ఇంకా సుడి తిరుగుతున్నాయి.

ఆ రాత్రి తిమ్మమ్మ ఇంటి అరుగు మీదే కూర్చుని తెల్లవార్చాడు. వ్యాపారి మొహం కూడా చూడకుండా మొదటి బస్సెక్కి కొత్తకోట చేరాడు. చూసింది చూసినట్టు ఇంట్లో అందరి ముందూ చెప్పాడు. ఇంకేం... మేం ముందే అన్నాం కదా, ఈ వారంలోనే వదిలించుకుందామని చిన్నతమ్ముడు లేచాడు. తల్లి తాయెత్తు కట్టించుకొస్తానంది.

షాహెదా అంతా విని ఒక్క మాటే అడిగింది.

"కలిపేది ఒక్క తీరుగనా... ఆగుకుంట ఆగుకుంటనా?"

"ఆగుకుంట, అక్కా."

ఆమె కళ్ల నిండా నీళ్లు.

"ఆగేది రాళ్లు ఏరనీకె," అంది. "పైపుకు అడ్డం పడ్తయని... చెయ్యి పెట్టి ఏరుతడు."

లేచి వాకిట్లోకి పోయి, తీగ మీద ఆరేసిన సుహానా బట్టలు తీసి మడత పెట్టసాగింది. ఎక్కడికని తల్లి అడిగింది.

"ఇంటికి," అంది షాహెదా. "ఏడాది సంది ఆయన ఒక్కడే చేసుకుంటుండు."