నీలం గేటు ఇంట్లో తీసిన ఫొటో

భీమునిపట్నంలో బీచ్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో, మూడో సందు చివర నీలం గేటు ఇల్లు ఒకటుంది. నేను దాని మాట విన్నది రెండువేల తొమ్మిదిలో. అప్పటికి ఆ ఇంటికి తాళం పడి ఏడాది దాటింది. కరెంటు పీకేశారు. ఉప్పుగాలికి గేటు రంగు పొరలు పొరలుగా లేచిపోయి, చువ్వలు తుప్పుపట్టాయి.

పగలు అది మామూలు ఇల్లే. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం... ఆ సందులో ఎవరూ నడవరు. చేపల గంపలతో ఇళ్ళకి పోయే ఆడవాళ్ళు కూడా చుట్టూ తిరిగి పక్క సందులోంచి పోతారు.

లోపల మంచం కిర్రుమంటుందట. ఎవరో దగ్గుతారట. సీతాలని ఒకామె ఓ శనివారం సాయంత్రం గంప దింపుకుని ఆ గోడ పక్కన ఊపిరి తీసుకుంటోంది. తాళం వేసున్న ఇంట్లోంచి, మూసిన కిటికీ రెక్క వెనకనుంచి, మెల్లగా అడిగారట –

"తిన్నావా?"

సీతాలు గంప అక్కడే వదిలేసి పరిగెత్తింది.

ఇదంతా నాకు చెప్పింది గురువులు. వైజాగు ఫిషింగ్ హార్బర్లో బోటింజన్లు బాగుచేసే మెకానిక్కు, నాకు వరసకి బావ. నాది అక్కడే వెల్డింగు పని. చెబుతున్నప్పుడు అతని గొంతులో భయం లేదు, నవ్వూ లేదు. ఫలానా ఇంజన్లో ఆయిలు తగ్గిందని చెప్పినట్టే చెప్పాడు.

రెండేళ్ళుగా అతను ఏ సంగతైనా అలాగే చెబుతున్నాడు. తమ్ముడు రాము వేటకెళ్ళిన బోటు తుఫానులో తిరిగి రాలేదు. మనిషి దొరకలేదు, బోటు చెక్క ముక్క కూడా దొరకలేదు. శవం లేకుండానే దినం చేశారు. ఆ మర్నాడు గురువులు పనిలోకొచ్చి నా ఎదురుగా కూర్చుని గేరుబాక్సు విప్పాడు. బోల్టులన్నీ వరసగా గుడ్డ మీద పేర్చాడు.

"ఏడుపు రాట్లేదు బావా," అన్నాడు ఒకసారి. "ఆకలీ రాట్లేదు. టైమైతే తింతన్నాను."

ఒక్క ఫొటోల పిచ్చి మాత్రం పోలేదు. తెల్లారకముందే జెట్టీ మీద నిలబడి బోట్లని తీసేవాడు. రాము ఆఖరిసారి బోటెక్కిన తెల్లవారుజామున కూడా తీశాడు. ఆ ఫొటో నేను చూశాను. అంతా నలుపు, దానినిండా ఇసక చల్లినట్టు రంగురంగుల రవ్వలు. తాడు పట్టుకున్న మనిషి ఆకారం ఉంది. మొహం లేదు.

"సిన్న సెన్సారు బావా. సీకట్లో దానికి కళ్ళు లేవు. పెద్ద సెన్సారుది, ఫుల్ ఫ్రేమైతే పట్టును."

ఇప్పుడు కొని ఏం చేస్తావని నేను అడగలేదు.

కొత్త ఫుల్ ఫ్రేమ్ కెమెరా మా బోటివాళ్ళు అందుకునేది కాదు. సెకండ్ హ్యాండ్ కోసం ఆర్నెల్లు తిరిగాడు. ఒకటి పెళ్ళిళ్ళు తీసే స్టూడియోవాళ్ళది, షట్టరు అరిగిపోయి ఉంది. ఇంకొకటి పైకి తళతళా మెరుస్తోంది, లోపల వ్యూఫైండరు నిండా సాలెగూడులా ఫంగస్. సముద్రపు ఊళ్ళో కెమెరాకి వచ్చే జబ్బు అది. రెండూ వద్దన్నాడు. ఆఖరికి ఇంటర్నెట్లో ఒక ఫోన్ నంబరు దొరికింది.

ఆ నంబరు శ్రీరామ్మూర్తి గారిది. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి, గోపాలపట్నంలో అద్దెకుంటున్నారు. కెమెరా ఆయన కొడుకు సాయిశంకర్‌ది. పోయిన ఏడాది బీచ్ రోడ్డు మీద బండిని లారీ గుద్దేసి, ఇరవై ఆరేళ్ళకే పోయాడు.

వినగానే అయ్యో అనాలి కదా. గురువులు అడిగింది ఇది –

"ఆ రోజు కెమెరా ఆ అబ్బాయి దగ్గరుందా మాస్టారూ? కింద పడిందా?"

ఆయన కాసేపు అతని మొహంలోకి చూశారట. "లేదు బాబూ. ఇంట్లో పెట్టే ఎల్లాడు. భీమిలి ఇంట్లో, బీరువాలో ఉంది."

"ఇక్కడికి తేలేదేం?"

మంగళవారం సాయంత్రం రమ్మన్నారాయన.

పని దిగాక సాయంత్రం గురువులు ఆయన్ని బండి వెనక ఎక్కించుకుని భీమిలి వెళ్ళాడు. నీలం గేటు దగ్గర దిగేసరికి పొద్దుగూకింది. సందులో మనిషి లేడు. శ్రీరామ్మూర్తి గారు జేబులోంచి తాళంచెవి తీసి గురువులు చేతిలో పెట్టారు.

"నువ్వెల్లి సూసుకో. నాను రాను."

"అదేటి?"

"ఆడెల్లిపోయాక మేం గోపాలపట్నం ఎల్లిపోయాం. అప్పుట్నుంచీ నాను గడప తొక్కలేదు." గొంతు తగ్గించారు. "లోపల ఆడున్నాడంతన్నారు బాబూ... ఊరోళ్ళందరూ. ఉంటే నాకు సూసే దయిర్నం లేదు. లేకపోయినా సూసే దయిర్నం లేదు."

గురువులు తలూపి లోపలికి నడిచాడు.

ముందుగది. గోడవార బీరువా, ఒక స్టూలు. ఎదురుగా లోపలిగది గుమ్మం – తలుపు తీసే ఉంది, అవతల కటిక చీకటి. టార్చి వెలుగులో బీరువా తెరిచాడు. బట్టల మధ్య సంచి. సంచిలో కెమెరా.

బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. గురువులుకి తెలుసు, అందుకే తన పాత కెమెరా బ్యాటరీ, కార్డు, లెన్సు తెచ్చుకున్నాడు. అవి దీనికీ సరిపోతాయి. లెన్సు తీసి లోపలికి టార్చి వేశాడు. ఫంగస్ లేదు. తెల్లకాగితం ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూశాడు. రెండు దుమ్ము చుక్కలు, అంతే. చేతిలో షట్టరు శబ్దం గట్టిగా, శుభ్రంగా ఉంది. ఇలాంటిది దొరకదని అర్థమైంది.

ఇక మిగిలింది అసలు పరీక్ష. చీకటి.

కెమెరాని స్టూలు మీద పెట్టి, లోపలిగది గుమ్మంకేసి తిప్పి, టార్చి ఆర్పేశాడు. కంటికి ఏమీ కనబడలేదు. ఎక్కడో పైన వెంటిలేటరులోంచి వీధిలైటు వెలుతురు సన్నటి గీతలా పడుతోంది. మూడు సెకన్లు పెట్టి నొక్కాడు.

టక్... ఒకటి... రెండు... మూడు... టక్.

తెర మీద బొమ్మ వచ్చింది. అతని కళ్ళకి తెలియని గది కెమెరాకి తెలిసింది. గోడ, గోడకి మేకు, మేకుకి చొక్కా. కింద మంచం. మంచం మీద ఏదో బట్టల మూట.

నీడల్లో రవ్వలున్నాయేమో చూద్దామని బొమ్మని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. మూట మీదికి జరిపాడు.

మూటకి చెయ్యి ఉంది.

మోకాలి మీద పెట్టుకున్న చెయ్యి. రెండు గాజులు. మొహం గోడవైపు.

"బయం ఎయ్యలేదా?" అన్నాను నేను.

"ఏసుండాలి. ఎయ్యలేదు బావా. ఇంకోటి తీసాను."

టక్... ఒకటి... రెండు... మూడు... టక్.

రెండో ఫొటోలో ఆ తల ఇటు తిరిగి ఉంది. సూటిగా కెమెరాలోకి చూస్తోంది.

మూడోది తీశాడు. మంచం ఖాళీ.

గదిలో చప్పుడు లేదు. గురువులు కెమెరా జారిపోతుందేమోనని బెల్టు మాత్రం మెడలో వేసుకున్నాడట. అప్పుడు... పక్కనే, చెవికి మూరెడు దూరంలో, గుసగుసగా –

"నాను అందులో పడ్డానా బాబూ?"

గురువులు టార్చి వెయ్యలేదు. కెమెరా తెర అటు తిప్పి చూపించాడు. ఆ వెలుతురులో ఒక ముసలామె వంగి తనని తాను చూసుకుంది. చాలాసేపు చూసింది.

"పడ్డాను," అంది. "నాను ఇంకెవురికీ కనబడట్లేదనుకున్నాను."

గేటు దగ్గరనుంచి శ్రీరామ్మూర్తి గారి గొంతు వినబడింది. పీలగా. "ఎవులితో మాట్లాడతన్నావ్ బాబూ...?"

గురువులు గేటు దాకా వెళ్ళి కెమెరా ఆయన చేతికిచ్చాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి తెరని మొహం దగ్గరికి తెచ్చుకున్నారు.

"ఇది... మా సూర్యకాంతం."

ఆయన భార్య. మంగళవారం, శనివారం చెల్లెలింటికని చెప్పి బయల్దేరుతుంది. గోపాలపట్నంలో బస్సెక్కి, ఇంకో బస్సు మారి భీమిలొచ్చి, పెరటి తాళం తీసుకుని లోపలికొచ్చి కొడుకు మంచం మీద కూర్చుంటుంది. దీపం వెలిగించదు. వెలిగిస్తే ఎవరో ఒకరు చూసి ఆయనకి చెబుతారని. చీకట్లో కాసేపు కొడుకుతో మాట్లాడుకుని ఆఖరి బస్సుకి వెళ్ళిపోతుంది. ఏడాదిగా ఆ సందుని భయపెట్టింది ఈ మనిషి.

శ్రీరామ్మూర్తి గారు గడప దాటారు. గోడ పట్టుకుంటూ లోపలిగది దాకా వచ్చారు. వెనక టార్చి పట్టుకుని గురువులు. ఆవిడ మళ్ళీ మంచమెక్కి కూర్చుంది.

"సెల్లింటికని సెప్పేవు," అన్నారాయన.

"సెప్పేను."

"నాతో అంటే నాను ఒద్దంతానా?"

"నువ్విటేపు సూడ్డం మానేసేవు కదా," అంది. కోపంగా కాదు. ఉన్న సంగతి చెప్పినట్టు.

ఆయన ఆమె పక్కన కూర్చోబోయారు. సగం వంగారు.

"అక్కడ కాదు," అంది సూర్యకాంతమ్మ. మెల్లగా, నిద్రపోయేవాళ్ళు లేస్తారేమో అన్నట్టు. "ఇటు రా."

ఆయన వంగినవారు వంగినట్టే ఆగిపోయారు. ఎందుకని అడగలేదు. మంచం మీద ఆ చోటు ఖాళీగానే ఉంది. కాసేపటికి నడుం నిటారు చేసుకుని, మంచం కోళ్ళ చుట్టూ తిరిగి వెళ్ళి, అవతల కొసన కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది.

"ఒక ఫొటో తియ్యి బాబూ," అంది ఆవిడ. "ఊరోళ్ళందరివీ తీసాడు. దీంతో మాది ఒక్కటీ లేదు."

గురువులు స్టూలు గుమ్మం దగ్గరికి జరిపాడు. టార్చి ఆర్పాడు. ఎంతసేపు పడుతుందో చెప్పి, కదలొద్దన్నాడు.

"ఆళ్ళకి కదలొద్దని సెప్పక్కర్లేదు బావా," అన్నాడు నాతో. "ఆ విద్దె ఆళ్ళకొచ్చు. నాకూ ఒచ్చు."

తర్వాత ఆవిడే కెమెరాని సంచిలో పెట్టి, జిప్పు వేసి అతని చేతికిచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆఖరి బస్సుకి కలిసే వెళ్ళారు. ఆ తర్వాత శనివారం నుంచీ ఇద్దరూ వస్తున్నారు. దీపం మాత్రం ఇప్పటికీ వెలిగించరు. ఆవిడ వద్దంటుంది. అందుకని ఇప్పుడు సందులోవాళ్ళు ఇంకో మాట పుట్టించారు – నీలం గేటు ఇంట్లోకి ముసలోడి దెయ్యం కూడా ఒకటి చేరిందని.

ఇదంతా నాకు చెప్పిన రోజున మేం హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ గోడ నీడన కూర్చున్నాం. గురువులు సంచి విప్పి ఆ ఫొటో కెమెరా తెర మీదే చూపించాడు. మంచానికి ఈ కొసన ఆవిడ, ఆ కొసన ఆయన. మధ్యలో ఖాళీ. వెనక గోడ, మేకు, చొక్కా.

"నీడల్లో ఒక్క రవ్వ లేదు, సూసావా?" అన్నాడు. "మంచి సెన్సారు."

అని, మీట నొక్కుతూ బొమ్మని పెద్దది చేశాడు. ఆవిడ మొహం మీదికి కాదు, ఆయన మీదికీ కాదు. మధ్యలో ఉన్న ఖాళీ మీదికి. తెర నిండా గోడ తప్ప ఏమీ లేనంత వరకూ పెద్దది చేసి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏటి బావా అది, గోడే కదా?"

"గోడే. కార్డు సెరపలేదు నాను. రోజూ ఒకపాలి సూత్తన్నాను."

ఎందుకోగాని నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. "ఏటైనా... ఉందా మరి?"

గురువులు తల ఎత్తలేదు. వేలితో తెర మీది చెమ్మ తుడిచి, ఇంకొక్క మెట్టు పెద్దది చేశాడు.

"నిన్నటిదాకా లేదు," అన్నాడు.