ఖలీల్ కొన్న మిద్దె

తన మొదటి ఇంటిని చూసుకోవడానికి వెళ్లిన రోజే ఖలీల్ నెత్తిన తట్టెడు మన్ను పడింది.

పామిడిలో బట్టల అంగళ్ల వెనక సందులో ఉంది ఆ పాత మట్టి మిద్దె, దూలాల మీద మట్టి కప్పేసిన ఇల్లు. తెల్లచొక్కా వేసుకుని వచ్చి, తలుపు కొట్టబోతున్నాడు. పైనుంచి దబ్బున పడింది.

"ఎవురది పైన?" అని అరిచాడు.

మిద్దె అంచు మీంచి ఒక ముఖం తొంగిచూసింది. చున్నీ తలకు చుట్టుకుని, చెంపల నిండా దుమ్ముతో ఒక అమ్మాయి.

"నువ్వెవురప్పా కింద? మిద్దె కారకుండా మన్ను పోస్తాండా. తొలిగి నిలబడొచ్చు గదా!"

"ఈ ఇంటి ఓనర్ని."

"ఓనరు బదరీనారాయణ శెట్టి."

"ఆయన దగ్గర నేను కొన్నా. రిజిస్ట్రేషన్ గూడా అయిపోయినాది."

ఆ అమ్మాయి క్షణం ఆలోచించింది. "అట్లయితే పైకి రా. నీ మిద్దె, నీ మన్ను. నేనొక్కదాన్నే యాడ మోసేది?"

ఎందుకు ఎక్కాడో ఖలీల్‌కే తెలియదు. పొద్దు వాలేదాకా మోశాడు. ఇల్లు ఖాళీ చేయమని చెప్పడానికి వచ్చినవాడు, ఆ మాట ఎత్తకుండానే తాడిపత్రి బస్సు ఎక్కాడు.

తాడిపత్రిలో ఖలీల్ బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. వాళ్ల నాయన అదే పనిలో, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. ఆ దుమ్ములోంచి బయటపడాలన్నదే ఖలీల్ పట్టుదల. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో వీడియోలు చూసేవాడు. చిన్న ఇల్లు కొను, అద్దెకివ్వు, ఆ అద్దెతో రెండోది కొను. వినడానికి ఎంత సులువో! ఏళ్ల తరబడి కూడబెట్టి, మిగతాది బ్యాంకులో తెచ్చి, ఈ మిద్దె కొన్నాడు. బట్టల వ్యాపారి బదరీనారాయణ నమ్మకంగా చెప్పాడు. "పడగొట్టి రెండంగళ్లు కట్టప్పా. బాడుగలు ఊరికే వస్తాయి. లోపలుండేటోళ్లు ఒక మాట చెప్తే పోతారు."

లోపలుండేవాళ్లు ఇద్దరే. మాబు సాబ్, ఆ రోజు మిద్దె మీద కనిపించిన ఆయన కూతురు సమీనా. ఆమె ఇంట్లోనే మిషన్ మీద నైటీలు కుట్టి అంగళ్లకు వేసేది.

మరుసటి ఆదివారం ఖలీల్ గట్టిగా మాట్లాడదామని వచ్చాడు.

"సలాం మామా," అన్నాడు గడపలో నిలబడి.

మిషన్ చప్పుడు ఆగింది. "ఎవురికి మామ?" అంది సమీనా.

"పెద్దాయన్ని మామా అనకుండా ఏమనాల?"

"ఓనర్లు మామా అని పిలిస్తే బాడుగ పెంచుతారంట. మా వీధిలో అంటాంటారు."

మాబు సాబ్ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. మంచంలో రెండుగా వంగిపోయి, గాలి కోసం వెతుక్కున్నాడు. ఖలీల్ గబగబా వెళ్లి ఆయన్ని ముందుకు వాల్చి, వీపు నిమిరాడు. నాయనకు అలాగే చేసేవాడు. ఆ దగ్గు ఏ రాతి దుమ్ములోంచి వచ్చిందో అడగనవసరం లేకపోయింది.

సమీనా నీళ్ల చెంబుతో నిలబడి, కొత్తగా చూసినట్టు అతన్ని చూసింది.

అయినా చెప్పాల్సింది చెప్పాడు. ఆమె తల వంచుకుని విన్నది.

"పోతాం. ఇల్లు దొరకాల గదా. నాయన దగ్గుతాంటే టీబీ అనుకుంటారు. యాడికి పోయినా లేదు పొమ్మంటారు."

"నేను వెతుకుతా," అన్నాడు ఖలీల్.

"ఖాళీ చేయించే ఓనరే ఇల్లు వెతికిపెడతాడా? యాడైనా ఉండాదా ఇది?"

"ఈడ ఉండాది. లెయ్, పోదాం."

అలా మొదలైంది. ఆదివారమైతే చాలు, ఇద్దరూ పామిడి సందులన్నీ తిరిగేవాళ్లు. అతను ముందు, ఆమె నాలుగడుగులు వెనక. కొన్నాళ్లకు ఆ నాలుగడుగులు ఎటు పోయాయో ఎవరూ చూడలేదు.

"మీరిద్దరూ మొగుడూ పెండ్లామా?" అని ఒక ఇంటావిడ అడిగింది.

"కాదమ్మా. ఈయప్ప మా ఇంటి ఓనరు," అంది సమీనా.

ఆవిడ నోరు తెరిచింది. సందు దాటేదాకా ఇద్దరూ ఆపుకుని, తర్వాత పడీ పడీ నవ్వారు.

ఒకరోజు మబ్బు పట్టింది. పెన్న దిక్కునుంచి తడి గాలి వచ్చింది. నాలుగు చినుకులు ఆమె నుదుటి మీద పడ్డాయి. ఖలీల్ చూస్తూ ఉండిపోయాడు.

"ఏం చూస్తాండావు?"

"వాన."

"వాన పైన ఉంటాదప్పా, నా మొగంలో కాదు."

ఆ నాలుగు చినుకులతోనే వాన సరి. ఆ ఊళ్లలో మబ్బు మాటిచ్చి తప్పడం కొత్త కాదు.

ఇంటికి తిరిగొచ్చాక సమీనా నడిమింటి దూలం చూపించింది. వేలితో గీకితే పిండిలా రాలింది.

"చెదలు. వాన గట్టిగా వస్తే నిలుస్తాదా ఇది?"

"ఎట్లయినా పడగొట్టేదే గదా. మీకు ఇల్లు దొరికితే సరిపాయ."

మరుసటి వారమే ఇల్లు దొరికింది. బస్టాండు దగ్గర సిమెంటు స్లాబు వేసిన రెండు గదులు. ఇంటాయన తిప్పేస్వామి రిటైరైన కండక్టరు. "దగ్గితే ఏమప్పా, నేనూ దగ్గుతా," అన్నాడు. బాడుగ కూడా తక్కువ. వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఖలీల్ గోడలు చూశాడు, కొళాయి తిప్పాడు. ఈ ఇంటికి సరేనంటే, వచ్చే ఆదివారం పామిడికి రావడానికి ఏ సాకూ ఉండదు.

"నీళ్లు సన్నగా వస్తాండాయి. వద్దులే," అన్నాడు.

సమీనా తల ఊపింది. "అవును. వాకిలి గూడా పడమటికి ఉండాది. ఎండ కొడతాది."

ఆ సాయంత్రమంతా ఇద్దరూ అవసరం లేనంత ఉల్లాసంగా మాట్లాడుకున్నారు.

మూడు రోజుల తర్వాత తుఫాను వాన పట్టుకుంది. ఏడాదంతా ఎండిన నేల మీద ఒక పగలూ ఒక రాత్రీ విడవకుండా కురిసింది. తెల్లారి తెరిపిచ్చింది. కుట్టిన నైటీలు అంగట్లో ఇచ్చి వస్తానని సమీనా వెళ్లింది. మాబు సాబ్ మంచంలో పడుకుని ఉన్నాడు. తడిసి బరువెక్కిన మిద్దె, దూలం విరిగి ఆయన మీద పడింది.

కబురంది ఖలీల్ వచ్చేసరికి వీధివాళ్లు మట్టి తీసి, ఊపిరి లేని ఆయన్ని పక్కింటి అరుగు మీద పడుకోబెట్టారు. సమీనా చేతులు మోచేతుల దాకా మట్టిగా ఉన్నాయి. అందరికంటే ముందు తవ్వింది ఆమే. ఖలీల్‌ను చూసి ముఖం తిప్పుకుంది. జనాజా పెట్టె మోసేటప్పుడు అతని భుజం మీదా బరువు పడింది. ఒక్కరూ అతన్ని ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మాబు సాబ్ చెల్లెలు హబీబా సమీనాను ముదిగుబ్బకు తోలుకొని పోయింది. ఖలీల్ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది.

బదరీనారాయణ వెతుక్కుంటూ వచ్చాడు. "జరిగినదానికి బాధే. కానీ ఒక రకంగా నీకు మేలే అయినాదప్పా. ఖాళీ చేయించే పని తప్పింది. ఖాళీ స్థలానికి రేటెక్కువ. నాకే తిరిగియ్యి, లాభం ఇచ్చి తీసుకుంటా. మొదటి బేరంలోనే గెలిచినావు."

"శెట్టీ, లేచి పో," అన్నాడు ఖలీల్.

ఆ రాత్రి ఫోన్‌లోని వీడియోలన్నీ తీసేశాడు. మరునాడు పనికి సెలవు పెట్టి ముదిగుబ్బ బస్సు ఎక్కాడు.

హబీబా వాకిట్లో కూర్చుని చాటలో చెనక్కాయలు ఏరుతోంది. ఆలస్యంగా వచ్చిన వానకు సగం నల్లబడిపోయాయి.

"ఎవురు కావాల?"

"నేను ఖలీల్ని. పామిడి ఇంటి..."

"మా అన్నను మింగిన ఇంటి ఓనరువా?"

లోపలినుంచి సమీనా వచ్చి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది.

"స్థలం అడుగుతాండారు," అన్నాడు ఖలీల్. "అమ్మాల్నో వద్దో నువ్వు చెప్పాల."

"నీ స్థలం. నన్నెందుకు అడిగేది?"

"సమీనా, తిప్పేస్వామి ఇల్లు వద్దన్నది నేనే. నీళ్లు సన్నగా ఏం రాలేదు, బాగానే వచ్చినాయి. ఆ ఇల్లు కుదిరితే నిన్ను చూసే దోవ లేదని అట్లన్నా. నీ నాయన ఆడ ఉండింటే బతికుండేవాడు. ఆ మాట చెప్పాలనే వచ్చినా. నువ్వు కొట్టినా పడతా."

సమీనా గుమ్మం దిగి వచ్చింది.

"ఆ వాకిలి పడమటికి లేదు, ఖలీల్. ఉత్తరానికి ఉండాది."

అతనికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"నాకు తెలుసు," అంది ఆమె. "తెలిసే అన్నా. ఆదివారం నువ్వు రాకపోతే ఎట్లా అనుకున్నా. కన్నకూతుర్ని అయ్యుండి నేనన్నా ఆ మాట. నీ ఫోన్ ఎత్తితే నీ గొంతు వినాలనిపిస్తాది. వినాలనిపించేది తప్పని ఎత్తలేదు."

అక్కడే కూలబడి ఏడ్చింది. నాయన పోయాక అదే మొదటిసారి అట్లా గొంతెత్తి ఏడవడం. ఖలీల్ దగ్గరికి పోలేదు, దూరంగానూ జరగలేదు. అతనూ ఏడుస్తున్నాడు.

ఏడుపు సద్దుమణిగాక సమీనా ముఖం తుడుచుకుంది. "అమ్మొద్దు. అంగళ్లూ వద్దు. ఇల్లు కట్టు. మనుషులుండే ఇల్లు. ఖాళీగా పెడితే నాకు నాయన ఇంకా ఆ మట్టి కిందనే ఉన్నట్టుంటాది."

"నువ్వు వచ్చి ఉంటావా?"

"బాడుగకా?"

"కాదు."

సమీనా తలెత్తలేదు. కాదని కూడా అనలేదు.

హబీబా చేతులు ఎప్పుడో ఆగిపోయాయి. చెంగుతో కళ్లు ఒత్తుకుని, గొంతు సవరించుకుంది.

"మా అన్న ఫోన్‌లో ఎప్పుడూ చెప్తాండె, ఓనరు పిల్లోడు మంచోడు, వీపు నిమిరినాడని. నేను నవ్వితి. ముందు మా అన్నకు నలభయ్యో దినం ఫాతెహా చదివించేది కానీ. ఆపైన మీ పెద్దలు ఎవురుండారో తోలుకొని రా, మాట్లాడదాం."

"నాకు ఎవురూ లేరు అత్తా."

హబీబా అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. కోపం పూర్తిగా పోలేదు. అయినా చాటను కొంచెం అతని వైపు జరిపింది.

"అట్లయితే నువ్వే రా," అంది. "ఇప్పుడు కూర్చో. బస్సుకు ఇంకా టైముండాది."