అమ్మతో ముగిసే పేర్లు

రావే తల్లీ, ఇలా నా పక్కకు జరుగు. మీ అమ్మ లిల్లీ పెళ్లికి ముందు ఎంత కుళ్లుకుందో చెబుతాను.

అప్పుడు మేము పుంగనూరులో ఉండేవాళ్లం. లిల్లీ రోజూ బస్సెక్కి మదనపల్లె వెళ్లి కంప్యూటరు నేర్చుకునేది. నేర్పేవాడు శరత్ బాబు. ఆ పిల్లవాడంటే దానికి ప్రాణం, కానీ ఒక్కనాడూ నోరు విప్పలేదు. ఇంతలో కుప్పం నుంచి సంబంధం వచ్చింది. మీ తాత అహరోను సాయంత్రానికల్లా ఫోను చేసి మాట చెప్పమన్నాడు.

ముందురోజే మదనపల్లె ఆస్పత్రిలో నాకు కంటి ఆపరేషను అయింది. వాన పడుతోందని లిల్లీ నన్ను ఆ కంప్యూటరు సెంటర్లోనే బెంచీ మీద కూర్చోబెట్టింది. కట్టు కంటికే గానీ చెవులకు కాదు కదా! కనబడనిది తర్వాత లిల్లీయే చెప్పింది.

లిల్లీని చూడగానే శరత్ బాబు తెర మీదున్నది చప్పున మూసేశాడు. చాలా రోజులుగా ఇదే వరస. ఈసారి మాత్రం దాని కంట ఒక పేరు తోక పడింది, చివరి ‘అమ్మ’.

అతను టీకి వెళ్లాడో లేదో, ఇది కుర్చీ ఎక్కింది. పేరంతా తెలియకపోయినా వెతకొచ్చని నేర్పింది అతనే. ముందు ఏదున్నా సరే అనడానికి ఒక చుక్క, ఒక నక్షత్రం. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ. పేరు అక్కడితో అయిపోవాలని డాలరు గుర్తు. టకటకా కొట్టేసింది.

తెర నిండిపోయింది.

“మునిరత్నమ్మ, రాజమ్మ, గంగమ్మ... సూడమ్మా, ఎంతమందిని పెట్టుకోనుండాడో!”

టీ గ్లాసులతో శరత్ బాబు వచ్చాడు. “ఏం చేస్తాండావు లిల్లీ?”

రోజూ సార్ అనే పిల్ల ఆ రోజు నువ్వులోకి దిగింది. “నీ రాజమ్మ యాడుంటాది? తెల్లగా ఉంటాదా?”

“రామసముద్రంలో. డెబ్బై ఏండ్లుంటాయి. జుట్టయితే తెల్లగానే ఉండాది.”

నాకు నవ్వాగలేదు.

“కంటి క్యాంపుకొచ్చినోళ్ల పేర్లు అవి. ఆస్పత్రోళ్లు టైపు కొట్టమన్నారు. జబ్బుల సంగతి ఎవురికీ సూపీకూడదని మూస్తాండా. కింద సూడు, మేరమ్మ! మీ అమ్మమీద కూడా అనుమానమేనా?”

లిల్లీ తగ్గితే కదా! ఈసారి లిల్లీ అని కొట్టింది. ఏమీ రాలేదు.

“నీ ఫైళ్లలో నా పేరు యాడా లేదు. సరే, కుప్పానికే పోతా.”

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడింది.

“కనబడనోళ్లనే కదా వెతికేది? రోజూ ఎదురుగా కూర్చునేదాన్ని ఫైల్లో యాల పెట్టుకుంటాను? నువ్వు కుప్పం పోతే మాత్రం... ఏం కొట్టి వెతకాల్నో నాకు తెలీదు లిల్లీ.”

 

“నాయనా, ఆ టీ నాకియ్యి,” అన్నాను. “లిల్లీ, మీ నాయన ఫోను కాడ కాసుకోనుంటాడు, పో.”

అది తడుస్తూనే ఎదుటి ఫోను బూత్‌కు పరుగెత్తింది. దాని గొంతు రోడ్డుకు ఇవతలిదాకా వినబడింది. “నాయనా, కుప్పమోళ్లు వద్దు. ఈడ ఒగాయన ఉండాడు!”

మీ నాన్న ఇప్పటికీ ఫోను చూసి నవ్వితే మీ అమ్మ వెనకనుంచి తొంగిచూడటం లేదూ? గుర్తుపెట్టుకుని నీ పిల్లలకు చెప్పు తల్లీ. రాజమ్మ జుట్టు మాత్రం మరిచిపోవద్దు.