హాస్టల్లో మిగిలిన బొమ్మల పుస్తకాలు

ప్రత్తిపాడు దాటాక మిరపచేల మధ్య, మూతపడ్డ ఆడపిల్లల హాస్టలొకటి ఉండేది. చీకటి పడ్డాక అక్కడ టైరు పంక్చరైనా కాయల ట్రాక్టర్లు ఆపేవాళ్ళు కారు... రిమ్ము మీదే లాక్కుపోయేవాళ్ళు. జ్వరంతో పోయిన పిల్ల ఇంకా లోపలే ఉందని చెప్పుకునేవాళ్ళు.

ఇది లిడియాకి జరిగింది. ఆమెతో పనిచేసే నర్సు నాకు చెప్పింది.

లిడియా గుంటూరులో నర్సు. పిల్లల కోసం ఎప్పుడో అచ్చయిన బొమ్మల పుస్తకాలంటే ప్రాణం. మొదటి ముద్రణ అయితే ఇక ఆగేది కాదు. అట్ట ఊడినా సరే, బొమ్మలుంటే చాలు. పాత కాగితాలు కొనే మొహిద్దీన్ బాషా ఓ సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఆ హాస్టల్లో బీరువా నిండా ఉన్నాయమ్మా. రేపు పొద్దున్నే బిల్డింగ్ పడగొట్టేస్తున్నారు."

డ్యూటీ దిగి అతని ఆటోలోనే వెళ్ళింది. బాషా గేటు దాటలేదు. "నేనిక్కడే ఉంటానమ్మా... త్వరగా వచ్చెయ్యండి."

సెల్‌ఫోన్ వెలుగులో బీరువా తెరిచింది. పైనున్న పుస్తకం తీసింది. గొడుగు పట్టుకున్న ఏనుగు... రంగులింకా వెలిసిపోలేదు. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. పేజీ తిప్పబోతే —

"ఉండక్కా... నేనింకా చూళ్ళేదు."

భుజం పక్కనే. గుసగుసగా.

లిడియా కదల్లేకపోయింది. మోచేతిని ఓ చిన్న చెయ్యి పట్టుకుంది. కనిపించని చెయ్యి — కాలిపోతోంది. ఎన్నో జ్వరాలు చూసిన మనిషే... కానీ ఈ వేడికి ఏ మందు వెయ్యాలి? ఎవరికి వెయ్యాలి?

బొమ్మ తర్వాత బొమ్మ చూపించింది. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

"రేపిది పడగొట్టేస్తారంటగా," అంది గొంతు. "మా అమ్మ వస్తే... నేనెక్కడున్నానో ఎట్లా తెలుస్తుంది?"

లిడియాకి ఏడుపొచ్చింది. నోటికొచ్చింది అనేసింది — "నువ్వే వెళ్ళమ్మా. అమ్మ దగ్గరికి వెళ్ళిపో."

చిన్న చెయ్యి పట్టు వదిలింది... మెల్లగా మోచెయ్యి చల్లబడింది.

పుస్తకాలన్నీ వదిలేసి బయటికొచ్చింది. ఒక్కటీ తెచ్చుకోలేదు.

పొద్దున్నే మనసాగక మళ్ళీ వెళ్ళింది. గోడలు కూలుతున్నాయి. రోడ్డు పక్కన ఓ ముసలావిడ, పేరు అంకమ్మట, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"మీవాళ్ళెవరైనా ఇక్కడ చదివారా మామ్మా?"

"మా పిల్ల. జ్వరమని కబురొస్తే, కోతలయ్యాక వస్తానన్నాను..." లిడియా చెయ్యి పట్టేసుకుంది. "రాత్రి తలుపు కొట్టిందమ్మా. 'అమ్మా, నేనే' అంది. దాని గొంతే..."

"తీశారా?"

అంకమ్మ తల అడ్డంగా ఊపింది.

"భయమేసింది తల్లీ... తెల్లారేదాకా కొడుతూనే ఉంది."