భయస్తుడి ఇంటికి తమలపాకులు

“మీ సాటే మంచిదేనా?” అన్నాడు అఫ్దల్, పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం అందుకుంటూ.

“పరియామన్ ఊళ్లో ఇంతకన్నా మంచిది దొరకదు.”

“మంచివాళ్లు ఎవరినీ ఏడిపించరు. ఇది నన్ను ఏడిపిస్తోంది. కాబట్టి ఇది మంచిది కాదు,” అన్నాడు అఫ్దల్, కారానికి నీళ్లు కారుతున్న కళ్లు తుడుచుకుంటూ.

“మాంసానికి మంచి అంటే రుచి. మనిషికి మంచి అంటే గుణం. పైన మాట అలాగే ఉంచి లోపల సరుకు మార్చేస్తున్నారు. పట్టుబడ్డారు!” అంది మెల్ఫీ, బొగ్గుల మీద విసనకర్ర ఆపకుండా.

ద్వీపానికి పడవ నడిపే అఫ్దల్‌తో ఆమె పరిచయం అలా అమ్మ కొట్టులో, పొగలో మొదలైంది. తర్వాత అదే వాళ్ల ఆట. అతను మాట తిప్పేవాడు, ఆమె పట్టుకునేది. పట్టుబడిన ప్రతిసారీ అతని చూపు ఆమె మీద ఇంకాస్త ఆగేది.

ఈ సాయంత్రం ఆటలా లేదు. రేకుల మీద వాన దబదబా కొడుతోంది. చాప మీద బుస్తామీ మామయ్య, ఆయన పక్కన తమలపాకుల సంచీ. పిల్ల తరఫువాళ్లే ఆ సంచీ పట్టుకుని అబ్బాయి ఇంటికి వెళ్లి పెళ్లికి అడగడం అక్కడి ఆచారం. మేనమామ లేవందే సంచీ లేవదు. తండ్రి పడవ తిరిగి రాని నాటి నుంచీ ఆ ఇంట్లో ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు.

“ఆ పడవవాడా? మొన్న గాలికి భయపడి, ఎక్కిన జనాన్ని దింపేశాడట. కాఫీ కొట్టంతా ఒకటే నవ్వు. భయపడ్డవాడు భయస్తుడు. భయస్తుడు పెళ్లాం బిడ్డల్ని కాపాడలేడు. ఇంక మాట్లాడేదేముంది?”

ఆయన సంచీ మూతి బిగించబోయాడు. అది మళ్లీ గోడ కొక్కేనికి ఎక్కిందంటే అఫ్దల్ కోసం ఇంక దిగదు. మెల్ఫీ మామయ్య మాటల్ని మనసులో మళ్లీ తిప్పి చూసుకుంది. వినడానికి అంతా సరిగ్గానే ఉంది. కానీ మధ్యలో ఎక్కడో అతుకు ఉంది.

“మామయ్యా... మీరు మొదట అన్న భయమూ, చివర అన్న భయమూ ఒకటి కాదు.”

“ఏమన్నావ్?”

“గాలిని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. మనవాళ్లని వదిలేసి పారిపోతే అది పిరికితనం. అతను పారిపోలేదు. పిల్లాపెద్దల్ని ఒడ్డున దింపి, అందరి చేతా తిట్లు తిన్నాడు.”

“పెద్దవాళ్లకే పాఠాలా?”

“నాకిప్పుడు మీరంటే చచ్చేంత భయంగా ఉంది. అయినా చెబుతున్నాను కదా. నేను పిరికిదాన్నా మామయ్యా?”

వంటింటి గుమ్మంలోంచి అమ్మ మెల్లగా అంది: “ఆ రోజు గాలిని చూసి మెల్ఫీ వాళ్ల నాన్నకీ కాస్త భయం వేసి ఉంటే బాగుండేది, అన్నయ్యా.”

మామయ్య కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. తర్వాత సంచీ తెరిచి ఓ ఆకు తీశాడు.

“ఇవి వాడిపోయాయి.”

మెల్ఫీ ఆయన చేతిలోని ఆకునే చూస్తూ నిలబడిపోయింది.

“అలా నిలబడతావేం? వెళ్లి తాజావి కోసుకురా. ఇవి పట్టుకెళ్లి పిల్లాణ్ని అడిగితే మన పరువేం కాను? వాన తగ్గాక బయల్దేరదాం. ఈ గాలిలో వాళ్లింటి దారిలో ఉన్న వంతెన దాటాలంటే నాకూ భయమే.”

‘పట్టుబడ్డారు’ అన్న మాట మెల్ఫీ పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేసి వానలోకి పరుగెత్తింది.